గంటోడి సీరియల్

మా తమ్ముడు సూరిబాబుని విశాఖపట్నం ఆసుపత్రివాళ్లు ఇంటికి పంపేసిన రోజున, ఆటో దిగి, నాన్న భుజం మీద చెయ్యేసుకుని వీధరుగు ఎక్కుతూ వాడు అక్కనైన నన్ను అడిగింది ఒక్కటే. "అప్పా, గంటోడు ఎప్పటికి అయిపోద్దో కనుక్కో. ఏటవుద్దో మాత్రం కనుక్కోకు. కనుక్కున్నా నాకు సెప్పకు." కడుపులో కంతి కాలేయానికి పాకిపోయిందనీ, ఇంక కోసినా లాభం లేదనీ, వానలు వెనకపట్టేదాకా ఉంటే గొప్పేననీ డాక్టరు నాతోనూ వాడి భార్య పార్వతితోనూ చెప్పిన మాట ఇంకా చెవుల్లోనే ఉంది. వాడికీ తెలుసు. అయినా వాడి గొడవ సీరియల్ గొడవే. నాకు ఒళ్లు మండిపోయింది. "ముందు మంచం ఎక్కరా మహానుభావా" అన్నాను. తర్వాత పెరట్లోకి పోయి, కుళాయి పూర్తిగా తిప్పి, ఆ చప్పుడులో ఏడ్చాను.

గంటోడంటే ఎవరో చెప్పాలి. జపానువాళ్లు ఒక కథని ముందు బొమ్మల పుస్తకంగా ఏళ్ల తరబడి గీస్తారు. అది జనానికి ఎక్కిందనుకుంటే దాన్ని కదిలే బొమ్మలు చేసి టీవీలో వేస్తారు. మా చిన్నప్పుడు కేబుల్లో సాయంత్రాలు అలాంటిదొకటి వచ్చేది. గంటలు పోతపోసే ఇంటి కుర్రాడు అందులో హీరో. అసలు పేరు నోరు తిరగనిది, మేం గంటోడనే పిలిచేవాళ్లం. ఆ రోజుల్లో అది సగం కథ దాకా వచ్చి, ఒక వంతెన మీద యుద్ధం దగ్గర ఆగి, మర్నాడు మళ్లీ మొదటికి వచ్చేసేది. ఎన్నిసార్లు చూసినా వంతెన దాటింది లేదు. ఇప్పుడు వేరే కంపెనీ ఎవరో దాన్ని కొత్తగా, పుస్తకంలో ఉన్న చివరి పేజీ దాకా తీస్తున్నారు. ప్రతి ఆదివారం ఫోనులోకి ఒక్కో భాగం వస్తుంది, తెలుగులోనే. సూరిగాడు అడిగాడని మా బడిలో పిల్లల్ని అడిగి కనుక్కున్నాను. చలికాలానికి గానీ అవదన్నారు. వానలకీ చలికాలానికీ మధ్య ఉన్న దూరం ఎంతో తెలుగు టీచర్ని నాకు ఒకరు చెప్పక్కర్లేదు. వాడికి చెబితే, "అయితే సూద్దాం" అన్నాడు.

జ్ఞాపకాలు రాసుకునే వయసు నాకింకా రాలేదు, నలభై కూడా నిండలేదు. ఆ రోజులే బాగుండేవి అని కళ్లు మూసుకునేవాళ్లంటే నాకు చిరాకు కూడా. కానీ చిన్నతనాన్ని గుర్తు చేసుకోడానికి ఇద్దరుండాలి. ఒకరు తప్పు చెబితే "కాదెహె, అలగ కాదు" అనడానికి రెండోవాళ్లుండాలి. నాకున్న రెండోవాడు సూరిగాడే. ఇప్పుడు నేను తప్పు రాసినా అడిగే దిక్కు లేదు.

మాది అనకాపల్లి నుంచి సబ్బవరం వెళ్లే దారిలో రోడ్డు దిగి లోపలికి పోయే ఊరు. చెరుకు నరికే రోజులు వచ్చాయంటే మా కాపురం ఇంట్లో ఉండేది కాదు, పొలంలో చెరుకాడే క్రషర్ పక్కనున్న తాటాకు పాకలోకి మారిపోయేది. పొద్దున్నే క్రషర్ మోత మొదలయ్యేది. రసం డ్రమ్ముల్లోంచి పెద్ద ఇనప పెనంలోకి, పెనం కింద పొయ్యిలోకి ఎండబెట్టిన పిప్పి. ముందు పచ్చి వాసన, గడ్డి నమిలినట్టు. అమ్మ అందులో సున్నపుతేట పోసి, నలగ్గొట్టిన బెండకాడల జిగురు కలిపేది. అప్పుడు మడ్డి పైకి తేలేది, అది తీసేశాక వాసన మారి, తియ్యగా, బరువుగా వచ్చి జుట్టుకీ బట్టలకీ అంటుకునేది. నా తెలుగు వాచకం పేజీలు ఒకదానికొకటి అతుక్కుపోయేవి. బడిలో మా పక్కన కూర్చున్నవాళ్లు "మీ దగ్గర బెల్లం కంపు" అనేవాళ్లు. సూరిగాడు వాళ్లతో కొట్టుకునేవాడు, నేను సబ్బు అరగదీసుకునేదాన్ని.

పాకం చూడడం మా ఇంట్లో నాన్నకొక్కడికే వచ్చు. తెడ్డుతో తీసి, డబ్బాలో నీళ్లలో వేసి, రెండు వేళ్ల మధ్య ఉండ చేసి చూసేవాడు. ఆ ఒక్క క్షణం తప్పితే అంతే, బంగారం రంగు కాస్తా నల్లబడిపోతుంది. అందుకే పెనం దగ్గర ఆయన మాట్లాడడు, ఎవర్నీ మాట్లాడనివ్వడు. మామూలప్పుడు కూడా పెద్దగా మాట్లాడేవాడు కాదనుకోండి. పిప్పి మోస్తూ కాలు కోసుకుని సూరిగాడు ఏడిస్తే, "మగోడివి, ఏడుత్తావేట్రా?" అని ఇంకో రెండు తగిలించేవాడు. ఏడుపు ఆపితే మూడోది తగలదు, ఆపకపోతే తగులుతుంది. ఇది మా ఇంటి చట్టం. ఆడపిల్లని కాబట్టి నాకు ఏడవడానికి అనుమతి ఉండేది, అదీ పెరట్లో.

టీవీని పాకలోకి తెచ్చింది మామ్మ కోసం. మామ్మంటే నాన్న తల్లి. ఒక్కత్తీ ఇంట్లో ఉండలేదు, పాకలో ఊరికే కూర్చోలేదు. అందుకని మోటారుకి వచ్చే కరెంటులోంచి ఒక తీగ, పక్క ఊరి కేబులాయన్ని బతిమాలి తెచ్చిన ఇంకో తీగ, మధ్యలో మా చిన్న టీవీ, చెరుకు కట్టల మీద. అందులో మనుషుల కంటే తెల్ల చుక్కల మంచే ఎక్కువ కురిసేది. మామ్మ చుట్ట నిప్పు వైపు నోట్లో పెట్టుకుని అడ్డపొగ పీలుస్తూ దాని ముందు కూర్చునేది. గంటోడు వచ్చేది హిందీలో. మాకెవరికీ హిందీ రాదు. సూరిగాడికి మాత్రం వచ్చని సూరిగాడే ప్రకటించుకున్నాడు.

"ఏటంతన్నాడ్రా ఆ పొడుగోడు?" అని మామ్మ అడిగేది.

"మీ ఊరి సద్దంతా నానే మింగీసేను, దమ్ముంటే కక్కించు అంతన్నాడు మామ్మా."

"మరి మన గంటోడో?"

"కక్కిత్తాను గాని ముందు అన్నం తిననీ అంతన్నాడు."

"ఓలమ్మ, ఆకలేసుంటాది గుంటడికి" అని మామ్మ నొచ్చుకునేది. తర్వాత కొన్నాళ్లకి అది నిజంగానే తెలుగులో రావడం మొదలైంది. మామ్మ రెండు రోజులు చూసి, "ఈడెవడో వచ్చేడు, మన గంటోడి గొంతు ఇది కాదు. ఆ సౌండు కట్టీసి నువ్వు సెప్పరా" అంది. అలా టీవీ నోరు మూయించి, సూరిగాడి నోట్లోంచే మేం కథ విన్నాం. నా మటుకు నాకు అసలు మాటలు ఇప్పటికీ దొంగమాటల్లాగే ఉంటాయి.

కథేమిటంటే, ఊళ్లలోని చప్పుడంతా మింగేసే రాక్షసులుంటారు. వాళ్లు ఒక ఊరి మీద పడితే కుక్క మొరిగినా వినపడదు, తల్లి పిలిచినా వినపడదు. గంటోడి ఊరు అలాగే పోయింది. పగిలిన గంటలోని నాలుక ఒక్కటి మిగిలితే దాన్ని భుజాన వేసుకుని వాడు బయల్దేరాడు. దాంతో వాడు ఒంట్లో బలమంతా పెట్టి కొడితే ఎంతటి రాక్షసుడైనా కూలతాడు. కానీ అలా కొట్టిన ప్రతిసారీ, వాడికి ఇష్టమైన మనుషుల్లో ఒకరి గొంతు వాడికి శాశ్వతంగా వినపడడం మానేస్తుంది. మొదటి దెబ్బకి తల్లి గొంతు పోయింది. అందుకని వాడు కొట్టడు. తంతారు, పడతాడు, లేస్తాడు. మళ్లీ తంతారు, మళ్లీ పడతాడు, మళ్లీ లేస్తాడు. ఇంక తప్పదన్నప్పుడు, ఈసారి ఎవరి గొంతు పోతుందో అని ఏడుస్తూ కొడతాడు.

ఆ సీరియల్లో మమ్మల్ని అంతలా కట్టిపడేసింది ఏమిటని నా దగ్గర చదువుకునే పిల్లలు ఇప్పుడు అడుగుతారు. మన సినిమాల్లో హీరోకి దెబ్బ తగలదు కదా, తగిలినా పెదవి చివర ఒక ఎర్ర చుక్క, అదీ అందంగా. గంటోడికి పళ్లు ఊడతాయి. ఒక దెబ్బ కొట్టడానికి మూడు రోజుల భాగాలు పడతాయి. మధ్యలో వాడు ఆలోచిస్తాడు, భయపడతాడు, చిన్నప్పుడు అమ్మ వండిన జావ గుర్తు చేసుకుంటాడు. రాక్షసుడు చచ్చిపోతూ వాడూ తన చిన్నతనం గుర్తు చేసుకుంటాడు, వాడికీ ఎవరో అన్యాయం చేసే ఉంటారు. మామ్మ వాడి కోసం కూడా ఏడ్చేది. కానీ సూరిగాణ్ణి పట్టుకున్నది ఇవేవీ కావు. ఒక మగపిల్లాడు అందరి ముందూ ముక్కు కారేలా ఏడుస్తున్నాడు, ఎవరూ వాణ్ణి కొట్టడం లేదు, పైగా వాడే హీరో. అది చూసినప్పుడల్లా మా వాడి మొహం ఎలా ఉండేదో నాకు బాగా గుర్తు. నోరు తెరుచుకుని, ఊపిరి బిగబట్టి, దొంగతనంగా ఏదో తింటున్నవాడిలా.

ఒక సాయంత్రం పెనం పొంగు మీద ఉండగా పొయ్యిలో పిప్పి వేసేవాడు కనపడలేదు. సూరిగాడు టీవీ ముందున్నాడు. అమ్మ నీళ్లకి వెళ్లింది. నాన్న తెడ్డు చేత్తో పట్టుకునే పాకలోకి వచ్చాడు. ఈరోజు వీడి వీపు పగిలినట్టే అనుకుని నేను మామ్మ వెనక్కి జరిగాను. సరిగ్గా అప్పుడే గంటోడు బురదలోంచి మోకాళ్ల మీద లేస్తూ వెక్కివెక్కి ఏడుస్తున్నాడు. నాన్న గుమ్మంలో ఆగిపోయాడు. తెడ్డు చివర నుంచి పాకం తీగలా నేల మీదకి కారుతోంది. ఆయన కదల్లేదు. మామ్మ చుట్ట నోట్లోంచి తీసి ఆయన వంక చూసింది, నేనూ చూశాను. సూరిగాడొక్కడే చూడలేదు. ఎంతసేపో నాకు తెలియదు గానీ, మాడు వాసన మాత్రం ముందు నాకే వచ్చింది. అయినా నేనూ ఆయన్నే చూస్తూ ఉండిపోయాను. చివరికి బయట్నుంచి అమ్మ కేక పెట్టింది. "ఓలమ్మో, పెనం! పెనం మాడిపోతన్నాది, ఎవలూ లేరేటి?"

పుట్టి బుద్ధెరిగాక నాన్న పాకం మాడ్చడం అదే మొదలు. ఆ వంటంతా బొగ్గు రంగు బెల్లం దిమ్మలైంది. ఇంత పెద్ద నష్టానికి నాలుగు వీపులు పగలాలి, ఒక్కటీ పగల్లేదు. రాత్రి అన్నాల దగ్గర, కంచంలోకే చూస్తూ, "ఆడి తల్లి బతికుందేట్రా?" అని అడిగాడు. ఎవరి తల్లో మాకెవరికీ వెంటనే వెలగలేదు. సూరిగాడికి వెలిగింది. "ఉంది నాన్నా. కాని ఆడికి ఇనపడదు" అన్నాడు. నాన్న తలూపి మజ్జిగ పోసుకున్నాడు. ఆయన మా ఇద్దరితో పని గురించి కాకుండా ఒక మాట అడగడం నాకు తెలిసి అదే మొదటిసారి.

అనకాపల్లి మార్కెట్ యార్డులో దిమ్మలన్నీ వరసల్లో పరిచి పెడతారు, కొనేవాళ్లు వచ్చి అంచు విరిచి నోట్లో వేసుకుని చూస్తారు. ఎప్పుడూ మా వరస దగ్గర ఆగే ఒక పెద్దమనిషి ఆ రోజు మా దిమ్మల్ని చూసి, "ఏటి మావా, ఈపాలి ఇలగ మసి సేసీసేవు?" అన్నాడు. నాన్న ఆకాశం వైపు చూసి, "గాలెక్కువేసింది బావా, మంట పట్టుబడలేదు" అన్నాడు. ఆ రోజు ఆకు కూడా కదల్లేదు. సూరిగాడు నవ్వాపుకోలేక బండి చాటుకి పోయాడు. అది మొదలు నాన్న క్రషర్ ఆడించే వేళ మార్చేశాడు. తెల్లారకుండానే మోటారు వేసి, సాయంత్రం సీరియల్ వేళకి ఆఖరి పెనం దించేసేవాడు. పక్క పొలంవాళ్లు అడిగితే, "పొద్దుటేల కరెంటు బాగుంతాది" అనేవాడు. మా పక్కన కూర్చోకుండా, లోపలికి రాకుండా, గుమ్మానికి ఆనుకుని నిలబడి, మా మీద నిఘా వేసినట్టుగా చూసేవాడు. పెనం పెట్టే వేళ మార్చుకున్న మనిషి, మా మధ్య కూర్చోడానికి మాత్రం మొహమాటపడ్డాడు. మా నాన్న అంతే.

వంతెన తర్వాత ఏమైందన్నది మాకు తెలియకుండానే పెద్దవాళ్లమైపోయాం. మామ్మ కథలో ఆ వంతెన దాటకుండానే పోయింది. అమ్మ కూడా పోయింది. నేను చదువుకుని ఎలమంచిలిలో టీచరునయ్యాను. సూరిగాడు పదో తరగతి గట్టెక్కలేదు. ఆ కేబులాయన దగ్గరే పనికి కుదిరి, స్తంభాలెక్కి, మేడలెక్కి, చుట్టుపక్కల ఊళ్లన్నిటికీ తీగలు లాగి కేబుల్ సూరి అయ్యాడు. వాడి సెల్ మోగిందంటే ఎవరింట్లోనో బొమ్మ రావడం లేదని లెక్క. ఏ కుర్రాడైనా పుస్తకం చదివేసి గంటోడి ముందు కథ చెప్పబోతే చెవులు మూసుకుని, "సెప్పేవంటే మీ ఇంటికి కనెక్షన్ కోసీత్తాను" అని బెదిరించేవాడు. అంత వయసొచ్చి, పెళ్లయి కూడా అదే మాట. ఆ తర్వాత కేబుల్ పోయింది. తీగలు ఆకాశం మీద అలాగే వేలాడుతూండగానే జనం ఫోన్లలోకి వెళ్లిపోయారు. చెరుకూ పోయింది, అది వేరే సంగతి. క్రషర్ పాతసామాన్లవాడికి, పొలంలో సగం ప్లాట్లవాడికి. ఇప్పుడు మా పాక ఉన్న చోట సిమెంటు స్తంభాలు, వాటి మీద ఎర్ర రంగు అంకెలు. బస్సులోంచి చూస్తే ఎక్కడిదెక్కడో నాకే పోల్చుకోవడం రాదు. అప్పుడు మాకు డబ్బు లేదు, చదువు లేదు, వీపు మీద దెబ్బలున్నాయి. అయినా రేపు ఏమవుతుందో చూద్దాం అని ఒకటుండేది. ఇప్పుడు అన్నీ ఉన్నాయి. రేపటి సంగతి డాక్టరు ముందే చెప్పేశాడు.

ఆ వేసవంతా, వానాకాలమంతా నేను ఆదివారం ఆదివారం ఎలమంచిలిలో రైలెక్కి వచ్చాను. ఫోను చిన్నదని, ఎలాగో సూరిగాడు చెబుతుంటే పార్వతి దాన్ని గోడ మీద టీవీకి కలిపింది. ఎంత అందంగా తీశారంటే వానచుక్కలో కూడా ఆకాశం కనపడుతుంది. మా మంచు టీవీలో గంటోడి జుట్టు రంగు ఏమిటో కూడా మాకు తెలిసేది కాదు. సూరిగాడు పక్కకి తిరిగి పడుకుని చూసేవాడు. నాన్న మాత్రం ఇప్పుడు గుమ్మం దగ్గర నిలబడలేదు. మంచం కాళ్ల వైపు కూర్చుని, కొడుకు పాదాలు ఒళ్లో పెట్టుకుని చూసేవాడు. ఆ పాదాలు వాచి ఉండేవి. "ఈడు ఆ సెరువు కాడ సచ్చినోడు కాదేట్రా?" అని అడిగేవాడు. "కాదు నాన్నా, ఆడి తమ్ముడు" అని సూరిగాడు చెప్పేవాడు. ప్రతి వారం వాడి గొంతు కొంచెం తగ్గేది, నాన్న కొంచెం ముందుకి వంగేవాడు. వంతెన యుద్ధం వచ్చిన ఆదివారం, అది దాటి మేమెవరమూ చూడని భాగం మొదలైనప్పుడు, సూరిగాడు చెయ్యి చాచి నా చెయ్యి పట్టుకున్నాడు. వాడి చేతిలో చర్మం, ఎముక తప్ప ఇంకేమీ లేవు.

ఆ మర్నాడు బడిలో, మధ్యాహ్నం భోజనాల వేళ, తొమ్మిదో తరగతి పిల్లనొకత్తిని పిలిచి, ఆ పుస్తకం చివరి భాగాలు ఎక్కడ దొరుకుతాయో ఫోనులో చూపించమన్నాను. వాడు వద్దన్న పనే. ఇంతలా ఎదురు చూస్తున్నాడు కదా, అది ఎదురు చూడదగిందేనా కాదా అని నాకు తెలుసుకోవాలనిపించింది. స్టాఫ్ రూములో క్యారేజీ మూత తీసి పెట్టుకుని చదివాను. అన్నం అలాగే ఉండిపోయింది. ఆ గీసినాయన ఎవరో గానీ ఎదురుగా ఉంటే చీపురు తిరగేసి ఉండేదాన్ని. అంత కథ నడిపి, అంతమంది పిల్లల్ని ఏళ్ల తరబడి వెంట తిప్పుకుని, ఇదా చివర? మా వాడు ఇది చూడకుండానే పోవడం మంచిదేమో అనుకున్నాను. తోబుట్టువు గురించి అలా అనుకోవాల్సి వచ్చిందంటే నా పరిస్థితి చూడండి.

వానలు వెనకపట్టాయి. డాక్టరు చెప్పిందే జరుగుతోంది, ఒక్క వారం అటూ ఇటూ. వాడికి ఇప్పుడు నీళ్లు కూడా చెంచాతోనే. ఒక ఆదివారం పార్వతి కొట్టుకి వెళ్లింది, నాన్న స్నానానికి వెళ్లాడు. టీవీ పెట్టబోతుంటే సూరిగాడు వద్దని వేలు ఊపాడు.

"సెప్పీ అప్పా" అన్నాడు.

"ఏటి సెప్పాలి?"

"ఆకరికి ఏటయిందో. నువ్వు సదివీసేవని తెలుసు. నీ మొకం సూత్తే తెలీదేటి?"

ఇన్నేళ్లుగా చెవులు మూసుకున్నవాడు. ఇంకా చాలా వారాలుంది, నువ్వే చూద్దువుగాని అని అనాలనిపించింది. లేకపోతే, గంటోడు గెలిచాడనీ, అందరి గొంతులూ తిరిగొచ్చాయనీ చెప్పేయాలనిపించింది. ఇంటికొచ్చే దారిలో అలాంటి ముగింపు ఒకటి అల్లుకుని కూడా పెట్టుకున్నాను. కానీ చిన్నప్పట్నుంచీ కథలు అల్లేది వాడు, నేను కాదు. నా వల్ల కాలేదు, ఉన్నదున్నట్టు చెప్పాను. చివరికొచ్చేసరికి గంటోడికి వినపడే గొంతు ఒక్కటే మిగులుతుంది, వాడి సొంత గొంతు. అది కూడా పోతుందని తెలిసే కొడతాడు. రాక్షసుడికి దెబ్బ తగులుతుంది, కానీ చావడు. గంటోడు పడిపోతాడు. స్నేహితులు చుట్టూ చేరి పిలుస్తారు, వాడికి వినపడదు. లేస్తాడేమోనని వాళ్లు తెల్లారేదాకా చూసి, రాక్షసుడు మళ్లీ వస్తాడన్న భయంతో వాణ్ణి అక్కడే వదిలి వెళ్లిపోతారు. వాన పడుతూ ఉంటుంది. అంతే.

"లేవడా?"

"లేవడు."

"ఎవలూ తిరిగి రారా?"

"రారు రా."

నేను తడిగుడ్డతో వాడి పెదాలు తుడిచాను. "బాగానే గీసేడు" అన్నాడు చివరికి.

"ఏటి బాగు, నా తలకాయ!" అన్నాను, ఏడుపు ఆపుకోడానికి గట్టిగా.

"లేపుంటే తిట్టుందును అప్పా. ఆదోరం ఆదోరం ఆడు లేత్తంటే, నానిక్కడ పడుకుని సూత్తంటే, ఒళ్లు మండిపోయేది. ఆడు లేత్తన్నాడు, నువ్వేటి లేవవు అని అడిగినట్టుండేది. నానేటి తక్కువ పడ్డానేటి?"

"మరి అలాంటప్పుడు ఎందుకు సూసేవురా? కట్టెయ్యమని ఒక్కపాలైనా అన్లేదు."

"నాన్న సూత్తన్నాడు గదా" అన్నాడు. "కట్టీత్తే నాన్న ఇక్కడ ఊరికే ఎలగ కూకుంటాడు?" తర్వాత, "నాన్నకి సెప్పకు" అన్నాడు. అప్పటికి పెరటి తలుపు చప్పుడైంది. నాన్న తువ్వాలుతో తల తుడుచుకుంటూ వచ్చి, వాడి మొహం చూసి, నా మొహం చూసి, మంచం కాళ్ల దగ్గర తన చోట్లో కూర్చున్నాడు. నేను టీవీ పెట్టాను.

తర్వాతి ఆదివారం దాకా వాడు లేడు. దాని గురించి నేను రాయను. రాయగలిగింది లేదు. వాడి కళ్లు తెరిచే ఉన్నాయి, పార్వతి మూసింది.

పెద్దకర్మ అయిపోయి, చుట్టాలు వెళ్లిపోయిన తర్వాత ఒక ఆదివారం. పార్వతీ నేనూ మిగిలిపోయిన మందుల సీసాలు సంచిలో వేస్తున్నాం. మంచం తీసేసి గోడకి నిలబెట్టారు. నాన్న లోపలికి వచ్చి, మంచం ఉండే చోట నేల మీదే కూర్చుని, "అమ్మీ, ఇయ్యేల ఆదోరం కాదేటి? గంటోడు రాడేటి?" అన్నాడు.

పార్వతి సీసా చేతిలో పట్టుకుని అలాగే ఉండిపోయింది. "ఇప్పుడెందుకు నాన్నా" అన్నాను. ఆయన టీవీ వైపు చూస్తూ కూర్చున్నాడు. పెట్టక తప్పలేదు. నేను బొమ్మ చూడలేదు, నాన్నని చూశాను. మెడ ముందుకి చాచి, ఒళ్లో రెండు చేతులూ ఖాళీగా పెట్టుకుని, ఒక్క ముక్క పోనివ్వకుండా చూస్తున్నాడు. ఇలాగే వారం వారం చూస్తూ పోతాడు. చలికాలంలో ఒక ఆదివారం ఆ కుర్రాడు వానలో పడి, ఎవరూ పిలవకుండా అలా ఉండిపోతాడు. అప్పుడు ఈయన పక్కన ఎవరుంటారు? నేనుంటే మాత్రం ఏం చెయ్యగలను? నాకు భయమేసింది. లేచి వెళ్లి టీవీకి అడ్డంగా నిలబడ్డాను.

"ఇంక సూడొద్దులే నాన్నా. ఆకరికి ఏమీ బాగోదంట."

"తెలుసు" అన్నాడు.

"ఏటి తెలుసు?"

"లేవడంట గదా. సూరిగాడు సెప్పేడు. మీ ఇద్దరి మొకాలూ అదోలా ఉంటే మర్నాడు అడిగేను, సెప్పీసేడు. నీకు తెలుసని అప్పకి తెలీనీకు, బాధపడద్ది అన్నాడు."

పార్వతి మందుల సంచి కింద పెట్టేసింది. "లేవడని తెలిసీ ఎలగ సూత్తన్నావు నాన్నా?" అని అడిగాను.

ఆయన అప్పుడు నా మొహంలోకి చూశాడు. "ఆడు లేవడని తెలీకేటి, ఇన్నాళ్లూ ఆడి కాళ్ల కాడ కూకున్నాను?" అన్నాడు. చేత్తో పక్కకి జరగమని సైగ చేశాడు. "అడ్డు లెగు, కనబడతలేదు."

నేను అడ్డు తప్పుకున్నాను.